క్యాలెండరు పట్టా

జహీరాబాద్ ఫోటోగ్రాఫర్ రేవణసిద్ధప్ప దగ్గర నల్ల గౌను ఒక్కటే ఉండేది. డిగ్రీ పాసైనవాళ్లకు అది తొడిగి, చుట్టిన పాత క్యాలెండరును పట్టా అంటూ చేతికిచ్చేవాడు. 1972లో వచ్చింది ఒక్కడే. యూనివర్సిటీ కొత్త కోర్సులు పెట్టాక, 1985లో ఫోటోకు వచ్చినవాళ్ల వరుస రోడ్డు దాకా సాగింది!

ఆ వరుసలో ట్రాక్టర్ల ఇంజినీరింగ్ చదివిన, కోహీర్ ఊరి మనోరమ క్యాలెండరును తోసేసింది.

"గీ కాయితం నాకెందుకు కాకా? నేను ఇంజన్లు బాగుచేసుడు నేర్చిన. పానా ఇయ్యి."

రేవణసిద్ధప్ప కళ్లు మెరిశాయి. చెప్పులైనా వేసుకోకుండా ఎదురు మెకానిక్ షెడ్డుకు ఉరికాడు. "జల్దీ! అన్నిట్ల పెద్ద పానా తియ్యి!"

పానా పట్టుకున్న మనోరమను ఫోటో తీసి, క్యాలెండరును మూలకు విసిరి, వరుసవైపు తిరిగాడు.

"ఇగ చెప్పున్రి! మీరు నేర్చింది ఏంది? గదే పట్టుకోన్రి!"

వరుసలో అందరూ తమ ఖాళీ చేతులకేసి చూసుకున్నారు.