నొప్పి తగ్గింది, రాయి కదల్లేదు

నొప్పి తగ్గితే రోగం పోయినట్టేనని మీకెవరు చెప్పారు? ఏ పరీక్ష చేసి చెప్పారు?

నాలుగేళ్ల క్రితం, నాచారంలో నేను యూరాలజిస్టుగా పనిచేసే చిన్న ఆసుపత్రికి మల్లేశం వచ్చాడు. పారిశ్రామికవాడలో లేత్ మిషన్ మీద పని. ఎడమ పక్క నొప్పికి నాలుగు నెలలు ఆకుపసరు తాగాడు, నొప్పి ఆగింది. కంపెనీ చేయించిన స్కానింగ్‌లో తేడా కనిపిస్తే భార్య యాదమ్మ పట్టుబట్టి తీసుకొచ్చింది.

సీటీ తీయించాను. యురేటర్ అంటే కిడ్నీ నుంచి మూత్రం కిందికి దిగే సన్నని గొట్టం. దాని పైభాగంలో రాయి అడ్డంగా కూర్చుంది, కిడ్నీ ఉబ్బిపోయింది. నెలల ఒత్తిడికి కిడ్నీ పని మందగించి నొప్పి సద్దుమణిగింది. ఇంకా ఆలస్యం చేస్తే ఆ కిడ్నీ దక్కదు.

రెండు పద్ధతులు వివరించాను. న్యూమాటిక్ పద్ధతిలో గాలి ఒత్తిడితో సన్నని కడ్డీ రాయిని సుత్తిలా కొడుతుంది. లేజర్ కొద్దికొద్దిగా పొడి చేస్తుంది. సుత్తిని తీసిపారేయను. గొట్టం కింది భాగంలో ఇరుక్కున్న రాళ్లను దానితోనే ఎన్నో పగలగొట్టాను.

మల్లేశం అడ్డుపడ్డాడు. “వైస్‌ల బిగించకుంట కొడితే ముక్క ఎగిరిపోతది గద సార్. నా రాయిని పట్టుకునేటందుకు ఆడ ఏముంది?”

వైస్ అంటే పనిముక్కను కదలకుండా పట్టే బిగింపు; లేత్ మీద నేర్చిన ఆ లెక్క సరిగ్గా ఇక్కడా వర్తిస్తుంది. మెచ్చుకోలుగా కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. పైభాగంలో ఉన్న రాయి సుత్తిదెబ్బకు వెనక్కి, కిడ్నీలోకి జారిపోవచ్చు. పసరును నాలుగు నెలలు నమ్మిన మనిషే ఒక్క మాటలో లేజర్‌ను ఎంచుకున్నాడు.

మర్నాడు ఉదయం తెర మీద ఆ గోధుమరంగు రాయి ముగ్గుపిండిలా రాలుతుంటే నాకు రెప్ప వేయబుద్ధి కాలేదు. దారి తెరుచుకోగానే పైన నిలిచిపోయిన మూత్రం దూసుకొచ్చింది. ఆ దారి మూసుకోకుండా స్టెంట్ అనే సన్నని గొట్టం వేసి బయటికొచ్చాను.

యాదమ్మ అరచేయి చాచింది. “రాయి ఏది సార్? మా అన్నకు దీసినప్పుడు సీసాల ఏసి ఇచ్చిన్రు.”

“పొడైపోయిందమ్మా. నీళ్లతో పాటే పోయింది.”

“మరి దీసిన్రని నేనెట్ల నమ్మాలె?”

ఒక్క క్షణం చిరాకేసింది. మరుక్షణం పొంగిపోయాను. అడగాల్సింది అదే. ఆమెను కూర్చోబెట్టి వీడియో మొత్తం చూపించాను.

“ఈ మాట పసరు ఇచ్చినాయన్ని అడిగారా?”

“నొప్పి వోయిందని ఈయన ఎగిరెగిరి సంబురపడె. ఇగ నేనేమడుగుత?”

స్టెంట్ తీశాక చేసిన స్కానింగ్‌లో రాయి లేదు, వాపు దిగింది, కిడ్నీ దక్కింది. రుజువు అడిగే రోగిని చూసి విసుక్కోకూడదని ఆ రోజు నేర్చుకున్నాను. రుజువు అడగకపోతే ఏం పోతుందో మీరు నేర్చుకోండి. మీకూ రాయి ఉందని తేలాక నొప్పి దానంతటదే ఆగిందా? ఘనత పసరుదా, బీరుదా, బార్లీనీళ్లదా అన్నది తర్వాత తేల్చుకుందాం. ఈ వారమే వెళ్లి స్కానింగ్ చేయించుకోండి.