అత్తగారి లంఖణం

మొన్నటిదాకా మాడు పగిలే ఎండ. నిన్న ఒక్క సాయంత్రం కురిసిన వానకు మా చిక్కడపల్లి సందంతా కాలువైపోయింది. ఆ మురుగు నల్లా నీళ్ళలో కలిసిందో ఏమో, పొద్దుటికల్లా నన్ను విరేచనాలు పట్టుకున్నాయి. ఎండైనా వానైనా ముందు ముసలివాళ్ళ కడుపే వెతుక్కుంటాయి కాబోలు! నీరసంగా మంచం మీద వాలితే మా అత్తగారు గుర్తొచ్చారు. అప్పుడావిడకి నాకిప్పుడున్న వయసే.

కాకినాడ నుంచి ఎప్పుడో వచ్చేసినా, తరవాణి కుండ మాత్రం ఆవిడ వెంటే వచ్చింది. రోజూ మిగిలిన అన్నం, గంజి అందులో వేసి పులియబెట్టి, వేసవంతా ఆ పుల్లనీళ్ళు ఉప్పేసుకుని తాగేవారు. ఆ యేడూ ఇలాగే మండే ఎండల మీద జడివాన పడింది. నల్లాలో రంగునీళ్ళొస్తున్నాయి, కాచి పోస్తానంటే వింటేనా! "కాచిన నీళ్ళు పోస్తే తరవాణి చచ్చిపోతుందే" అన్నారు. తరవాణి బతికింది. మర్నాటికి ఆవిడే మంచం పట్టారు.

వాంతులు, విరేచనాలు. పైగా "లంఖణం పరమౌషధం" అంటూ అన్నంతో పాటు నీళ్ళూ మానేశారు. సాయంత్రానికి కళ్ళు లోతుకు పోయాయి, నాలుక పిడచకట్టింది. కింది వాటాలో ఉండే అక్క ఉప్పు, చక్కెర కలిపిన నీళ్ళు పట్టుకుని పైకొచ్చింది. "తిండి బంద్ వెట్టు పెద్దమ్మా, ఎవరొద్దన్నరు? నీళ్ళు బంద్ వెడ్తె పాణం నిలుస్తదా?" అని కోప్పడింది. అత్తగారు గోడవైపు తిరిగి పడుకున్నారు. ఆమె వెళ్ళాక మాత్రం నావైపు తిరిగి, "తాగితే మళ్ళీ లేవాలి కదే. ఎన్నిసార్లని మోస్తావు నన్ను?" అన్నారు.

ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి నాకు. "మోస్తాను, తాగండి!" అని అరిచాను. చెంచా చెంచా తాగించి, ఆటోలో నారాయణగూడ ఆసుపత్రికి తీసుకెళ్ళాను. సెలైన్ ఎక్కించాక గండం గడిచింది. ఇంటికి రాగానే ఆవిడ అడిగిన మొదటి మాట, కుండ ఏదని.

ఇప్పుడు నా కోడలు ఉప్పు, చక్కెర నీళ్ళ గ్లాసుతో నిలబడింది. "అక్కడ పెట్టమ్మా, తర్వాత తాగుతాలే" అన్నాను, బాత్రూము తలుపు వైపు చూస్తూ.

"లేపడానికి నేనున్నాగా అత్తయ్యా. ముందు తాగండి."

గ్లాసు అందుకున్నాను. మంచమూ అదే, బాత్రూమూ అదే. మధ్యనున్న దూరాన్ని మాత్రం కాలం మాకు తెలియకుండా పెంచుకుంటూ వచ్చింది.