ఒంటికి చుట్టుకున్న ఉడుతల చీర

ఒక మగవాడు ఆరు గజాల చీరను ఒంటికి చుట్టుకుని, పైన చొక్కా తొడుక్కుని, విమానాశ్రయంలో పోలీసుల ముందు చేతులు చాపి నిలబడితే ఏమవుతుందో మీకు తెలుసా? నాకు తెలుసు. ఆ మగవాణ్ణి నేనే కాబట్టి. మొహమాటపడకుండా నవ్వుకోండి. తమిళనాడులోని గుడియాత్తంలో మా వీధి మొత్తం ఎప్పుడో నవ్వేసి అలిసిపోయింది.

అప్పుడు నా వయసు ముప్పై. నా అనుమానం వయసు మాత్రం తొంభై ఉంటుంది. లుంగీలు నేసే ఊళ్ళో నేనొక్కణ్ణి జరీ అంచు చీర నేస్తానని బయలుదేరాను. లుంగీలను మరమగ్గాలు మింగేస్తున్నాయి, చేతిమగ్గం బతకాలంటే కొత్తదేదో చూపించాలి. ఢిల్లీలో చేనేతల ప్రదర్శన ఉందనీ, అక్కడ బహుమతి వస్తే ఆర్డర్లు వస్తాయనీ తెలిసింది. నాలుగు నెలలు కూర్చుని గళ్ళ కాగితం మీద అంచు గీశాను. తాటిచెట్టు ఎక్కుతున్న ఏడు ఉడుతలు, ఒకదాని వెనక ఒకటి. బహుమతి రాకపోతే ఇక మగ్గం విప్పి అటక ఎక్కించడమే.

మాలో ఒక అలవాటుంది. కొత్త రకం మగ్గం మీద ఉన్నప్పుడు బయటివాళ్ళు గడప తొక్కితే, పాత లుంగీ ఒకటి తీసి నేసిన గుడ్డ మీద కప్పేస్తాం. అందరూ కప్పుతారు. నేను ఇంట్లోవాళ్ళు వచ్చినా కప్పాను. పిల్లి వచ్చినా కప్పాను. ఎదురింటి వరదరాజులు మామ వస్తే లుంగీ మీద దుప్పటి కూడా కప్పాను. ఆయన మాకు దూరపు చుట్టం, వీధిలోకెల్లా పెద్ద పనిమంతుడు. ఆయన కూడా తన చీర పట్టుకుని అదే ప్రదర్శనకు, అదే విమానంలో వస్తున్నాడు. అనుమానానికి ఇంతకన్నా ఏం కావాలి?

విమానం ఎక్కడం నాకదే మొదలు. వేలూరులో ఉండే మా బావమరిది దామోదరం ఒకసారి ఎక్కాడు కాబట్టి సలహాకు వాడి దగ్గరికి పోయాను.

"సంచిని మిషన్లో పెడతారు బావా. లోపలుండేదంతా కనపడతాది," అన్నాడు.

"అంతా అంటే?"

"అంతా. ఎక్స్‌రే కదా, ఎముకలుంటే ఎముకలు కూడా కనపడతాయి."

ఎక్స్‌రే అంటే ఏమిటో వేలూరు చుట్టుపక్కల పుట్టినవాడికి ఒకరు చెప్పాలా? దేశమంతా వైద్యానికొచ్చే పెద్దాసుపత్రి ఉన్న ఆ ఊరి బస్టాండులో ప్రతి రెండో మనిషి చంకలో ఒక పెద్ద కవరు, అందులో ఒక నల్ల ఫిల్ము. టీ తాగుతూ ఒకరి ఫిల్ము ఒకరు వెలుతురుకు పట్టి, ఊపిరితిత్తుల గురించి తీర్పులు చెప్పుకునే ఊరది. నేనూ ఎందరి ఊపిరితిత్తులో చూశాను. కాబట్టి విమానాశ్రయంలో కూడా సంచికి ఫిల్ము తీసి కవర్లో పెట్టి ఇస్తారనీ, నా ఉడుతలన్నీ తోకలతో సహా అందులో పడతాయనీ, వరదరాజులు మామ దాన్ని వెలుతురుకు పట్టి తీరిగ్గా చూస్తాడనీ నిశ్చయించుకున్నాను. ఇంటికన్నా గుడి పదిలం అంటారు. సంచికన్నా పొట్ట పదిలం అని నేను తీర్మానించాను.

బయలుదేరే రోజు పొద్దున చీరను నిలువునా మడిచి నా భార్య సరళ చేతికిచ్చాను. "కండ్లు మూసుకుని చుట్టు," అన్నాను.

"నేను చూస్తే ఏమయితాది?"

"నువ్వు మీ తమ్ముడికి చెప్తావు. వాడు వేలూరంతా చెప్తాడు."

"సరి సరి, తిరుగు," అంది కళ్ళు మూసుకుని. మగ్గం దూలానికి పడుగు చుట్టినట్టు చుట్టింది. చుట్టడం అయ్యేసరికి నాకు ఏడో నెల వచ్చినట్టుంది. చొక్కా బొత్తాలు ఒకదానికొకటి అందలేదు, మా మామగారి చొక్కా తొడుక్కున్నాను. సంచిలో రెండు జతల బట్టలు, ప్రదర్శనలో చూపించడానికి ఒక నాడె పెట్టుకున్నాను. మగ్గంలో పోగును అటూ ఇటూ లాక్కెళ్ళేది నాడె. దాని రెండు కొసలకూ ఇనుప మొనలుంటాయి. సంచిని ఎవరు చూసుకుంటే నాకేం?

రైల్లో చెన్నై వెళ్ళేదాకా వరదరాజులు మామ నా పొట్ట వైపే చూస్తున్నాడు.

"ఏం రత్నం, ఒళ్ళు చేసినావే?"

"గ్యాసు మామా."

"జీలకర్ర నీళ్ళు తాగాల నాయనా," అని తన సీసా మూత తీసి ఇచ్చాడు. తాగలేదు. నన్ను నిద్రపుచ్చి పొట్ట విప్పి చూడాలని ఎత్తు వేశాడని నా లెక్క.

విమానాశ్రయంలో తనిఖీ వరసలో నిలబడ్డాం. పక్క వరసలో విమానం తోలే పైలట్ టోపీ తీసి ట్రేలో పెట్టాడు, బెల్టు ఊడదీసి పెట్టాడు, ఒక చేత్తో ప్యాంటు పట్టుకుని ఇంకో చెయ్యి చాపాడు. ఆయన జేబులు తడిమారు.

"డ్రైవర్ని కూడా ఇడిచిపెట్టలేదు చూడు," అన్నాడు మామ. "పాపం, దినానికి ఎన్నిసార్లో ఈయనకీ తిప్పలు."

మామకు జాలి కలిగింది. నాకు చెమట పట్టింది. బండి తోలేవాణ్ణే నమ్మనివాళ్ళు బండెక్కేవాణ్ణి నమ్ముతారా? ఆయన వెనకే వచ్చిన విమానం అమ్మాయి మాత్రం తెర కట్టిన చిన్న గదిలోకి వెళ్ళింది. ఆడవాళ్ళను లోపల ఆడ ఆఫీసర్లే చూస్తారట. ఆ తెరను నేను గుర్తుపెట్టుకున్నాను.

నా వంతు వచ్చింది. సంచి ఒక వైపు మిషన్లోకి పోయింది, నేను ఇంకో వైపు ద్వారంలోకి పోయాను. ద్వారం కుయ్యిమంది. ఆఫీసరు చేతికర్రలాంటి యంత్రాన్ని నా పొట్ట మీద పెడితే అది ఆగకుండా అరిచింది. జరీ అంటే లోహమే కదా అని నాకు అంతవరకూ తోచలేదు. గుమ్మడికాయల దొంగ అంటే మనమే భుజాలు తడుముకోవాలి. ఇక్కడ వాళ్ళే వచ్చి తడుముతారు.

"వాట్ ఈజ్ దిస్?" అన్నాడాయన.

"గ్యాసు," అన్నాను.

ఆయన నా మొహం చూశాడు, గుర్తింపు కార్డు చూశాడు. "గుడియాత్తమా? మాది నాట్రంపల్లి పక్కనే. చొక్కా ఎత్తప్పా," అన్నాడు అచ్చం మా తెలుగులో.

అక్కడ మన భాష వినిపిస్తే ఇంకొకడైతే కాళ్ళమీద పడేవాడు. నేను సగం చచ్చాను. నాట్రంపల్లిలో ఎవరికి గుడియాత్తంలో చుట్టాలు లేరు? సాయంత్రానికి నా ఉడుతలు ఊరంతా తిరుగుతాయి.

"ఇక్కడ ఎత్తను. తెర కావాల."

"తెర ఆడవాళ్ళకప్పా."

"నాకు కాదు సారూ. నా ఒంటి మీద ఉండేదానికి."

"ఒంటి మీద ఏముండాది?"

మామ నా వెనకే ఉన్నాడు, చెవులు రిక్కించి. "చెప్పకూడదు," అన్నాను.

విమానాశ్రయంలో అనకూడని మాటలు కొన్ని ఉంటాయట. అందులో ఇదే మొదటిదట. క్షణంలో ఇంకో ఇద్దరు ఆఫీసర్లు వచ్చారు, వరస పది అడుగులు వెనక్కి జరిగింది. నేను గొంతు తగ్గించి, "చొక్కా, ప్యాంటు కావాలంటే అందరి ముందరే ఇప్పేస్తా సారూ. దీన్ని మాత్రం తెర లేకుండా ఇప్పను," అన్నాను.

నాట్రంపల్లి ఆఫీసరు మిగతా ఇద్దర్నీ చేత్తో ఆపాడు. "ఇన్నేళ్ళ సర్వీసులో అందరూ ఒంటిని దాచమని అడుగుతారు. నువ్వు ఒంటిని చూపిస్తానంటా ఉండావే," అని ఒక గదిలోకి తీసుకుపోయి తెర లాగాడు. కొంగు కొస ఆయన పట్టుకున్నాడు, నేను గిరగిరా తిరిగాను. ఏదో పొడి ఉందేమోనని తెల్ల కాగితంతో తుడిచి చూశారు. ఏమీ లేదు. మళ్ళీ చుట్టుకుంటానంటే ఆయనే పాపం ఒక కొస పట్టుకున్నాడు.

"చీరను సంచిలో పెట్టకుండా ఈ కష్టమెందుకప్పా?"

"మిషన్లో డిజైను కనపడతాది కదా సారూ. ఫిల్ములో."

ఆయన నవ్వలేదు, అదే నాకు ఎక్కువ అవమానం. "ఫిల్మూ లేదు, డిజైనూ కనపడదు. మిషనుకు చీరయినా ఒకటే, తువ్వాలయినా ఒకటే. గుడ్డ ముద్దగా కనపడతాది. ఇనుము ఉంటే మాత్రం సంచి ఇప్పి చూస్తారు."

ఇనుము అన్నాడు. నాడె మొనలు సంచికి చిల్లి పెట్టకుండా దాన్ని నేను ఒక కాగితంలో చుట్టాను. ఇంట్లో గట్టి కాగితం ఒక్కటే ఉండింది. అది ఉడుతలు గీసిన గళ్ళ కాగితం.

తెర తోసుకుని పరుగెత్తాను. బల్ల మీద నా సంచి నోరు తెరుచుకుని ఉంది. నాడె అటు, కాగితం ఇటు. నాలుగు నెలల నా రహస్యాన్ని బల్ల మీద చాపలా పరిచి, ఫ్యాను గాలికి ఎగిరిపోకుండా రెండు చేతులతో నొక్కి పట్టుకుని నిలబడ్డాడు వరదరాజులు మామ.

"ఎగిరిపోతా ఉండె నాయనా, పట్టుకున్నా," అని మడిచి ఇచ్చాడు.

విమానంలో పక్క పక్క సీట్లే. ఢిల్లీలో మామ చీర మీద నా ఉడుతలు ఎక్కినట్టు నాకు కళ్ళకు కడుతోంది. విమానం ఎగిరింది కూడా నాకు తెలియలేదు. చాలాసేపటికి మామ నా వైపు వంగాడు.

"రత్నం, కోప్పడొద్దు. ఏడో ఉడతకు తోక యాడ?"

"చూసినావా మామా?"

"చూడక? రెండు చేతుల కింద పరుచుకోని ఉంటే! కాగితంలో గళ్ళు చాల్లేదేమో, ఆడికి ఆపేసినావు. చీరలో అయినా ఏసినావా?"

చొక్కా బొత్తాలు విప్పి పొట్ట మీది అంచు చూసుకున్నాను. ఆరు ఉడుతలకు తోకలున్నాయి, ఏడోది మొండిది. ఇంకో మడత లాగాను. అక్కడా మొండిదే. మగ్గం మీద చీర ముఖం కిందికి ఉంటుంది. నేసింది నేసినట్టు చుట్టేసి పైన లుంగీ కప్పిన ఘనుణ్ణి, ముఖం చూసిందెప్పుడు? మడిచేటప్పుడు కూడా నా కళ్ళు తలుపు మీదే ఉన్నాయి. చూసి చెప్పగలిగినవాళ్ళ కళ్ళన్నీ నేనే మూయించాను. సిగ్గు లేకుండా చెబుతున్నాను, ఆకాశంలో కూర్చుని ఏడ్చాను.

"సుమ్మా ఉండు, ఏడవొద్దు. సూది దొరికితే సరిచేద్దాం," అన్నాడు మామ.

ఢిల్లీలో ప్రదర్శన చోటికి చేరగానే ఆయన తన చీర బల్ల మీద పడేసి, నా చీర ఒళ్ళో వేసుకున్నాడు. ఆ మధ్యాహ్నమంతా జరీ పోగుతో ఒక్కొక్క తోకే కుట్టాడు. నేను సూదిలోకి పోగు ఎక్కించి ఇస్తూ కూర్చున్నాను.

నా చీరకు బహుమతి వచ్చింది. ఆయన చీరకు రాలేదు. నా బహుమతి పత్రంలో ఏం రాశారో అడగండి. "ప్రతి ఏడవ ఉడుత తోకను చేతితో కుట్టిన అపూర్వ పనితనానికి" అని రాశారు. దాన్ని మామకు చదివి వినిపిస్తే, "మంచిగా రాసినారే. ఎవురు నాయనా కుట్టింది?" అన్నాడు.

కనుక, మా మగ్గం మీద చెయ్యి వేసి, మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ విమానం ఎక్కినా నా ఒంటి మీద నా బట్టలే ఉంటాయి. ఏ కొత్త అంచు గీసినా, మగ్గానికి ఎక్కించేముందు కాగితం పట్టుకుని వీధి దాటి ఎదురింటికి పోయి, "మామా, అందరికీ తోకలుండాయా చూడు" అని అడుగుతాను.