భారతమ్మ ఆసు

1993లో నేను చౌటుప్పల్ దగ్గరి ఒక సర్కారు దవాఖానలో ఆయాను. చదివింది మూడో తరగతి. నీళ్లు కాచడం, డ్రెస్సింగ్ అప్పుడు, అంటే పుండు కడిగి కట్టు కట్టేటప్పుడు, నర్సమ్మకు సాయం పట్టడం నా పని. పేరు మహబూబీ. ఊళ్లో అందరికీ బీబక్కను.

ఆ చలికాలంలో చేనేత వాళ్లింటి నుంచి భారతమ్మ వచ్చేది. రొమ్ము క్యాన్సర్. పట్నంలో ఆపరేషన్ అయింది. కుట్ల దగ్గర ఒకచోట మానకపోతే కట్టు కోసం మా దగ్గరికి పంపారు. మానగానే మళ్లీ పట్నం పోయి రేడియేషన్ పెట్టించుకోవాలి. మా దిక్కు దాన్ని ‘కరెంటు పెట్టుడు’ అంటారు. భర్త నర్సింహ మగ్గం నేసేవాడు. ఆమెను సైకిల్ మీద తెచ్చి, ఎవరితోనూ మాట్లాడకుండా వరండాలో కూర్చునేవాడు.

పుండు మానుతోంది. భారతమ్మ మాత్రం పట్నం పోనంది.

“ఎప్పటికైనా కట్టెల మీద కాలేదాన్నే. ముందుగాలనే కాల్చుడెందుకు డాక్టరమ్మా?”

డాక్టరమ్మ కోప్పడలేదు. భారతమ్మ ఇంటికి వెళ్లాక నన్ను పిలిచింది. “మహబూబీ, కట్టు గదిలో ఇంకో స్టూలు వెయ్యి. కట్టు కట్టాక కాసేపు ఆమె పక్కన కూర్చో. ధైర్యం చెప్పకు. ఏమనిపిస్తోందో అడుగు. దీన్ని కౌన్సెలింగ్ అంటారు.”

“అడుగుడుకు గూడ ఇంగ్లీషు పేరుందా అమ్మా?” అంటే నవ్వింది.

మొదటి రోజు భారతమ్మ కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. రెండోసారీ అంతే. కానీ మోకాలి మీద కుడిచెయ్యి ఇటూ అటూ కదులుతూనే ఉంది.

“ఏం భారతమ్మా, చెయ్యి ఊకుంటలేదు?”

“ఆసు పోస్తున్ననక్కా,” అని సిగ్గుపడింది.

చిటికి చీరలంటే ముందే దారానికి ముడులు కట్టి, రంగులద్ది నేసేవి. వాటికి నేత కంటే ముందు, చెక్కకున్న మేకుల చుట్టూ దారం తిప్పాలి. ఆ చెక్కే ఆసు. ఒక్కో చీరకు చెయ్యి వేలసార్లు ఆడుతుంది. నేత ఇళ్లలో అది ఆడవాళ్ల పని.

“మరి ఇంట్ల పోస్తలేవా?”

చెయ్యి ఆగిపోయింది. “ఇంట్ల ఏడిదక్కా? నేను ఆపరేషన్ అయి వచ్చేవరకే మా ఆయన అటక మీదికెక్కిచ్చిండు. గోడకు ఆనిచ్చిన జాగ తెల్లగ కనవడుతది. పొద్దందాక గా జాగనే చూస్తుంట. నేను పోయినంక తియ్యాల్సింది గద. జర ముందే తీసిండు.”

“గీ మాట డాక్టరమ్మకు చెప్పనా?” అంటే తలూపింది.

తర్వాతి కట్టు రోజున డాక్టరమ్మ నర్సింహను లోపలికి పిలిచి, రెండో స్టూలు మీద కూర్చోబెట్టింది. నేను తలుపుకు ఆనుకుని నిలబడ్డాను.

“ఆసు ఎందుకు తీశారు నర్సింహా?”

“దీని చెయ్యి లేవదాయె. ఎదురుంగ ఉంటే పానం కొట్టుకుంటదని తీసిన అమ్మా.” అప్పుడు భార్య వైపు తిరిగాడు. “నువ్వు పోతవని తీసిననుకున్నవా? గా అటక కింద నిలవడి ఎంత ఏడ్చిన్నో నీకేమెరుక?”

“మీదున్న ఆసుకు చెప్పుకున్నవు. కిందున్న నాకు చెప్పకపోతివి!”

ఏడుస్తూనే అంది. అందరికీ నవ్వొచ్చింది, డాక్టరమ్మకు కూడా. ఆపరేషన్ అయినప్పటి నుంచి వాళ్లిద్దరూ ఆ జబ్బు పేరే ఎత్తలేదట. ఆవేళ మొదటిసారి ఎత్తారు.

డాక్టరమ్మ చెయ్యి పైకెత్తించి చూసింది. “నొప్పి లేనంత వరకు, కొంచెం కొంచెంగా ఆసు పొయ్యి. చెయ్యికీ మంచిదే,” అంది. ఆ సాయంత్రమే నర్సింహ ఆసు కిందికి దించాడు.

కొన్నాళ్లకు భారతమ్మ పట్నం బస్సెక్కింది. సాగనంపడానికి పోయిన నాతో కిటికీలోంచి, “ఆసు మీద దారం సగంల ఉన్నదక్కా. వచ్చి పోస్త,” అంది. కరెంటు మొత్తం పెట్టించుకుని వచ్చి, ఆ సగం పోసింది.

ఆ తర్వాత చాలా చీరలకే పోసింది. కొన్నేళ్లకు జబ్బు తిరగబెట్టి చనిపోయింది. నర్సింహ మాత్రం ఆసును గోడ దగ్గరి నుంచి కదపలేదు.

అంతకుముందు నేను పుండు మానిందా లేదా అనే చూసేదాన్ని. భారతమ్మ తర్వాత, ఇంట్లో ఏ జాగా ఖాళీ అయిందని కూడా అడగడం నేర్చుకున్నాను. ఆ రెండో స్టూలు నేను పని మానేదాకా ఆ గదిలోనే ఉంది.

ఇప్పటికీ పాత చిటికి చీర కట్టుకుని ఎవరైనా ఎదురైతే, కొంగు పట్టుకుని చూస్తాను. మా భారతమ్మ చెయ్యాడిన దారం ఇందులో ఉందేమోనని.