అన్న ఫోన్ ఎత్తేదాకా

మా అన్న కువైట్‌లో లారీ తోలుతాడు. బెంగళూరు దగ్గరి ఆటల పార్కుకు మాకు టికెట్లు తీసింది వాడే. సరిగ్గా మేము బయలుదేరిన రోజే ఆ వైపు ఆకాశంలో క్షిపణులు ఎగరడం మొదలైంది.

ప్రొద్దుటూరు నుంచి పులివెందుల దాటేదాకా నాయన ఫోన్లో వార్తలు ఆపలేదు. ఆ చదివేవాడి అరుపులకు, యుద్ధం మా వ్యాన్ వెనక సీట్లోనే జరుగుతున్నట్టుంది. అన్న మాత్రం ఎన్నిసార్లు చేసినా ఫోన్ ఎత్తలేదు.

పార్కు గేటు దాటగానే అమ్మ తేల్చి చెప్పింది. "వాడు ఫోన్ ఎత్తేదాకా ఎవురూ ఏదీ ఎక్కేది ల్యా."

"రాత్రి డ్యూటీ చేసి పండుకోనుంటాడు లేమ్మా," అన్నాను.

"నువ్వు పోయి చూసొచ్చినావా?"

చూడలేదు. అందుకని మధ్యాహ్నందాకా పెద్ద ఉయ్యాల కింద నిలబడి, దాన్ని ఎక్కినవాళ్ల కేకలు విన్నాం. అప్పటికి అమ్మను నవ్వించడానికి నా దగ్గరున్న జోకులు కూడా అయిపోయాయి.

చివరికి నాయన విసిగిపోయి, "వాడు తీసిచ్చిన టికెట్టు, వాడి కోసమన్నా ఎక్కుతా," అంటూ వెళ్లి ఉయ్యాలలో కూర్చున్నాడు. అది ఆయన్ను తలకిందులు చేసిన క్షణంలోనే వీడియో కాల్ వచ్చింది. తెరమీద అన్న, నిద్రమొహంతో ఆవలిస్తున్నాడు.

అమ్మ ఏడుస్తూనే, "అదిగోరా మీ నాయన," అని ఫోన్ పైకి తిప్పింది.

వాడి ఆవలింత సగంలో ఆగిపోయింది. "నాకేం కాలేదుమా! ముందు ఆయప్పను దింపమను!"

నాయన దిగేదాకా వాడు ఫోన్ పెట్టలేదు. ఆ తర్వాత తల్లీకొడుకులు కలిసి నన్ను ఏదీ ఎక్కనివ్వలేదు.