వానకు పది గింజలు

ఎనభైల మొదట్లో మదనపల్లెలో నాదొక చిన్న ఉద్యోగం. జనం మనసులో ఏం నమ్ముతున్నారో కొలవడం. ఎకనామిక్స్ ఎం.ఏ. చదివినవాడికి అంతకంటే పనికొచ్చే పని దొరకలేదు.

నేల మీద రెండు సున్నాలు గీస్తాను. ఒకటి, పక్షం రోజుల్లో వాన వస్తుందని. రెండోది, రాదని. రైతు చేతిలో పది వేరుశనగ గింజలు పెడతాను. ఎటు ఎంత నమ్మకముంటే అటు అన్ని గింజలు. ఎక్కువ వేసిన వైపు నిజమైతే స్టీలు చెంబు. చెంబు మీద ఆశతో మనిషి నిజమే చెబుతాడని మా ఆఫీసు సిద్ధాంతం.

పుంగనూరు చుట్టుపక్కల అందరూ పదికి పదీ వానకే వేశారు. ఇక్కడి రైతులు గొప్ప ఆశావాదులని రిపోర్టు పంపాను. ఆఫీసు చాలా సంతోషించింది.

తర్వాత చౌడేపల్లె దగ్గరి ఒక రైతు కూడా అంతే వేశాడు. అయితే వసారాలో వేరుశనగ విత్తనాల మూట ముడి విప్పకుండా ఉంది. ఆ ఇంట్లో ఉన్నది ఆ ఒక్క మూటే. విత్తాక వాన మొహం చాటేస్తే మళ్లీ విత్తడానికి గింజ లేదు.

"ఇంత నమ్మకముంటే ఇంకా విత్తలేదేమప్పా?" అన్నాను.

"వానొస్తాదని ఎవురు సెప్పినారు?"

"నువ్వే గదా, పదీ ఆడ ఏసినావు."

"ఇత్తనం గదా సార్! ఇత్తనాన్ని వాన లేని సోట ఎవురన్నా ఏస్తారా?"

రిపోర్టు గుర్తొచ్చింది. గింజలు జేబులో వేసుకుని, పది గులకరాళ్లు ఏరి ఇచ్చాను. ఆయన చాలాసేపు ఆకాశం చూశాడు. ఎనిమిది రాళ్లు 'రాదు'లో పెట్టాడు.

గడపలో నిలబడి చూస్తున్న ఆయన భార్య బయటికొచ్చింది.

"రేపిత్తుదాం, రేపిత్తుదాం అని వారం నుంచి నన్నాడిస్తాండావు. వాన రాదని నాకు సెప్తే నీ నోరు పడిపోతాదా?"

"అట్లాంటి మాట నోటితో అంటారా?"

"రాళ్లతో అంటారా?"

ఆమె మూటను ఆయన చేతే అటక మీద పెట్టించింది.

పక్షం గడిచింది. చుక్క పడలేదు. పక్క చేలల్లో విత్తినవి మొలవలేదు. నేను చెంబు పట్టుకుని వెళ్లాను. ఆయన దాన్ని తిప్పి తిప్పి చూశాడు.

"వాన లేని యేట దీంట్లో ఏం పోసుకునేది సార్?"

ఆమె మాత్రం చెంబు అందుకుని, అటక వైపు ఒకసారి చూసింది. మూట అక్కడే ఉంది.

"వచ్చే యేడు గూడా రా సార్. ఆ రాళ్లు మాత్రం మర్సిపోవద్దు. ఈయన నోటితో సెప్పే రకం గాదు."