మూడు కత్తెర్లు చాలవన్నాను

ఆరేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. మూట అయితే ఎక్కడో ఒకచోట దించి, నడుం పట్టుకుని కూర్చోవచ్చు. ఇది దిగదు. అన్నానికి కూర్చుంటే నా పక్కనే కూర్చుంటుంది. దీపం వెలిగించి పటానికి దండం పెట్టుకోబోతే చేతులు సగంలోనే ఆగిపోతాయి. మా ఇంట్లో అందరూ నన్ను వాగుడుకాయ అంటారు. నిజమే, పాలవాడితో మొదలుపెడితే పక్కింటి పిల్లి దాకా అందరితో మాట్లాడతాను. అంత నోరున్నదాన్ని ఈ ఒక్కమాట ఆరేళ్ళు ఎట్లా దాచాను? దీన్ని దాచడానికే అంత మాట్లాడుతున్నానా? ఏమో.

నేను చెబుతుంటే రాస్తున్నది నా మనవరాలు దివ్య. దివ్యా, నా మాట నీ పుస్తకాల తెలుగులోకి సరిచేసుకుంటే సరిచేసుకో. ఎల్లప్ప అన్న మాటలు, అతనితో నేనన్న మాటలు మాత్రం అన్నవి అన్నట్టే పెట్టు. అవి సరిచేస్తే నా తప్పు కూడా కొంచెం సరైనట్టు కనిపిస్తుంది. అది వద్దు.

దివ్యకు అన్న ఉన్నాడు, హరీష్. ఆరేళ్ళ కిందట వాడి చదువు అయిపోయింది, ఉద్యోగం రాలేదు. ఫోనులో లైవు పెట్టేవాడు. ఇంటికి పనిమీద వచ్చినవాళ్ళను ఆటపట్టించడం, వాళ్ళు బెదిరిపోతుంటే జనం అప్పటికప్పుడు చూసి నవ్వడం, అదీ వాడి తమాషా. గ్యాసు సిలిండరు తెచ్చేవాడు, ఫ్యాను బాగుచేసేవాడు, కొరియరు అబ్బాయి. ముసలిదాన్ని నేను ఎదురుగా ఉంటే ఎవరికీ అనుమానం రాదు కదా. ఆ కొరియరు అబ్బాయిని పట్టుకుని, చిన్నప్పుడు తప్పిపోయిన నా కొడుకువి నువ్వేనని ఏడ్చాను ఒకసారి. పాపం, చెప్పులు మా గుమ్మంలో వదిలేసి మెట్లు దిగి పరిగెత్తాడు. మళ్ళీ పిలిపించి, సంగతి చెప్పి, కాఫీ ఇచ్చి, వాడు కూడా నవ్వాకే పంపించాం. అది హరీష్ పెట్టుకున్న కట్టుబాటు. ఆట అయిపోగానే చెప్పేయాలి, వద్దంటే వీడియో తీసేయాలి. మంచి కట్టుబాటే. అప్పటికే చూసేసినవాళ్ళ కళ్ళలోంచి ఎట్లా తీస్తామని మాత్రం వాడూ అనుకోలేదు, నేనూ అనుకోలేదు.

నాకు ఆ తమాషా నచ్చింది. అది కూడా ఒప్పుకోవాలి. తమిళనాట హోసూరు దగ్గర, అత్తిముగం పక్కన మా ఊళ్ళో ఉన్నప్పుడు నామీదికి సామి వచ్చేది. మారెమ్మ. కొత్త కోడలిగా ఉన్నప్పుడు మొదలై, మా ఆయన పోయేదాకా వచ్చింది. వాన ఎప్పుడు పడుతుంది, ఆవు ఎందుకు పాలివ్వడం లేదు, కోడలు ఎందుకు నీళ్ళోసుకోలేదు, అన్నీ నన్నే అడిగేవాళ్ళు. నేను నడిచి వస్తుంటే దారిలో కూర్చున్నవాళ్ళు లేచేవాళ్ళు. హోసూరులో కొడుకు ఇంటికి వచ్చాక నేను మూడో అంతస్తు ముసలమ్మను, అంతే. లైవులు మొదలయ్యాక ‘అవ్వ సూపరు’ అని జనం రాస్తున్నారని హరీష్ చదివి వినిపించేవాడు. కూరగాయల అంగట్లో ఒకమ్మాయి నాతో ఫోటో దిగింది. ఆ రోజు మూడంతస్తులు ఎక్కినా ఆయాసం తెలియలేదు.

ఎల్లప్ప మాకు నీళ్ళ క్యాన్లు తెచ్చే మనిషి. మా ఊరి పక్క ఊరే. లిఫ్టు లేని బిల్డింగు మాది. నిండు క్యాను భుజాన పెట్టుకుని మూడంతస్తులు ఎక్కి, దించి, ఖాళీది తీసుకుని, మా గుమ్మం ముందు మెట్టు మీద ఒక నిమిషం కూర్చునేవాడు. నేను మజ్జిగ ఇచ్చేదాన్ని. ఊరి యాసలో మాట్లాడుకునేవాళ్ళం. అట్లా ఒకరోజు తన బిడ్డ సంగతి చెప్పాడు. పవిత్ర. అప్పటికి తొమ్మిదో తరగతి. ఏడాది పిల్లగా ఉన్నప్పుడు జ్వరం వచ్చి ఫిట్సు వస్తే, బతికితే తలవెంట్రుకలు మొత్తం ఇస్తానని మారెమ్మకు మొక్కుకున్నాడట. ఆ ఏడు ఇంట్లో చావు జరిగింది, మరుసటి ఏడు ఇంకేదో, అట్లా జరిగిపోయింది. పిల్ల పెద్దదైంది. జుట్టు నడుం దాటింది. ఇప్పుడు గుండు అంటే ఒప్పుకోవడం లేదని, మూడు కత్తెర్లు ఇప్పించి మొక్కు తీర్చేసుకుంటానని అన్నాడు. తెలియనివాళ్ళకు చెబుతున్నాను: ఆడపిల్లకు గుండు చేయించలేకపోతే జుట్టు కొసలు మూడుసార్లు కత్తిరించి దేవుడికి ఇస్తారు. మొక్కు తీరినట్టే. ఎన్ని తరాలుగానో దేవుళ్ళు దానికి ఒప్పుకుంటున్నారు. నేను కూడా అదే చెప్పాను ఎల్లప్పకు, నా నోటితోనే.

తర్వాత కొన్ని నెలలకు, మారెమ్మ జాతరలు జరిగే ఆడి నెల వచ్చింది. సామి వచ్చినట్టు చెయ్యవ్వా అన్నాడు హరీష్. సామితో ఆటలు వద్దన్నాను. నిమ్మకాయ అడిగి కాస్త బెదిరిస్తే చాలు, మనూరి ఎల్లప్పే కదా, ఏమీ అనుకోడు అన్నాడు. రెండుసార్లు వద్దన్నాను. మూడోసారి సరేనన్నాను.

శుక్రవారం పొద్దున. ఫోను వంటింట్లో మసాలా డబ్బాల వెనక పెట్టాడు. వాడు గది తలుపు సందులోంచి చూస్తున్నాడు. ఎల్లప్ప క్యాను దించగానే నేను కొప్పు విప్పేశాను. ఊగడం నాకు ఎవరూ నేర్పక్కర్లేదు. మొదటి రెండు ఊపులు నటన. ఆ తర్వాత ఒళ్ళు దానంతట అదే అందుకుంది. ఇదే, ఇదే నన్ను తినేస్తోంది. అప్పుడు కూడా అచ్చం ఊళ్ళో వచ్చినట్టే వచ్చింది. కాళ్ళు అట్లాగే వణికాయి, గొంతు అట్లాగే మారింది. కానీ తలలో నేను ఉన్నాను. తలుపు సందులో హరీష్ వేళ్ళెత్తి చూసేవాళ్ళు పెరుగుతున్నారని సైగ చేయడం కూడా కనబడింది. మరి ఊళ్ళో ముప్పై ఏళ్ళు వచ్చింది ఎవరు? అప్పుడు కూడా తలలో నేనే ఉన్నానా? నా మాట విని ఆవులను అమ్ముకున్నవాళ్ళు ఉన్నారు, పెళ్ళి సంబంధాలు తెంచుకున్నవాళ్ళు ఉన్నారు. ఈ ప్రశ్న దగ్గరికి వచ్చినప్పుడల్లా నేను లేచి ఏదో ఒక గిన్నె తోముతాను.

నిమ్మకాయ అడగమని కదా వాడు చెప్పింది. నేను నిమ్మకాయ అడగలేదు. నీ బిడ్డ వెంట్రుకలు ఏవిరా, నాకిస్తానన్నవి ఏవి, అన్నాను. ఒక్క వెంట్రుక మిగలకుండా ఇయ్యి, లేకుంటే దాని మీదినుంచి నా చెయ్యి తీసేస్తాను అన్నాను. ఇది హరీష్ చెప్పింది కాదు. రాసుకో, ఇది పూర్తిగా నాది. ఎల్లప్ప నాకు మెట్టు మీద కూర్చుని చెప్పుకున్న మాటనే తీసి అతని మీదికి విసిరాను.

అతని కాలు తగిలి క్యాను దొర్లింది, ఆ ఒలికిన నీళ్ళలోనే నా కాళ్ళ ముందు బోర్లా పడ్డాడు. లెంపలు వేసుకుంటూ ఏడ్చాడు. నాకు చెప్పిన సంగతి మర్చిపోయాడేమో అని అప్పట్లో నాకు నేను చెప్పుకునేదాన్ని. ఇప్పుడు అట్లా అనిపించడం లేదు. మర్చిపోయి ఉండడు. అవ్వకు చెప్పుకున్న మాటను అవ్వ ఇట్లా వాడదు అనుకున్నాడు, అంతే.

హరీష్ గబగబా లైవు ఆపేశాడు. మొహం తెల్లబోయి బయటికి రాబోయాడు, చెప్పేద్దామని. నేను కళ్ళతోనే వద్దన్నాను. ఎందుకు? ఒక మనిషి తల నా పాదాల మీద ఉంది. ఎన్నేళ్ళకో. ఇంకొక్క నిమిషం ఉండనీ అనిపించింది. ఎల్లప్ప పోయాక, రేపు నేనే నిదానంగా చెబుతాలే, మా ఊరివాడు అని హరీష్‌కు నచ్చజెప్పాను.

చెప్పాలనే అనుకున్నాను. మరునాడు క్యాన్ల రోజు కాదు. అయినా ఎల్లప్ప ఉత్త చేతులతో వచ్చాడు. గుమ్మం బయటే నిలబడ్డాడు.

“అమ్మా, ఒక మాట అడగాల. తప్పుగా అనుకోవద్దు. క్యాన్ల అంగడి పిల్లోళ్ళు ఫోనులో చూసినారంట. అదంతా ఉత్త తమాషా, నిన్ను ఏమార్చినారు అంటాండారు. నిన్న వచ్చింది అమ్మేనా?”

“నీకేమనిపించిందప్పా?” అన్నాను.

“నాకు అనుమానం ల్యా. నేను మొక్కుకున్నింది వాళ్ళకెట్ల తెలస్తుంది? కానీ పాప రేత్రి నుంచి కూడు ముట్టల్యా. ఇస్కూలుకు ఎట్ల పోయేది నాయనా అని ఏడస్తాంది.” చెప్పులు విప్పి పక్కకు పెట్టాడు. “మూడు కత్తెర్లు ఇస్తే చాలదామ్మా? నువ్వు చాలంటే చాలు. ఇంగ ఎవుర్నీ అడగను.”

అబద్ధం బయటపెట్టుకోకుండానే ఆ పిల్లను కాపాడే దారి అతనే తెచ్చి నా చేతిలో పెట్టాడు. చాలప్పా అంటే అయిపోయేది. ఒక్క మాట. కానీ నిన్న అమ్మ మొత్తం అడిగి ఈ రోజు మూడు కత్తెర్లకు దిగితే, అది అమ్మ కాదని తెలిసిపోతుంది అనుకున్నాను. తమాషా అన్న ఆ అంగడి పిల్లల మాటే నిజమవుతుంది. ఊళ్ళో తెలుస్తుంది. నా ముప్పై ఏళ్ళూ అనుమానంలో పడతాయి. అంత లెక్క రెప్పపాటులో వేసుకున్నాను.

“అమ్మ అడిగింది అడిగినట్టే ఇయ్యాల ఎల్లప్పా,” అన్నాను.

“సరేమ్మా. నీ మాటే,” అన్నాడు. దండం పెట్టి దిగిపోయాడు.

సాయంత్రం హరీష్ అడిగాడు, ఆయనకు చెప్పేశావా అని. చెప్పేశాను, నవ్వుకున్నాడు అన్నాను. వాడు నమ్మి, ఆ వీడియోను తీసేయకుండా అట్లాగే ఉంచాడు. ఇప్పటికీ ఎవరైనా ఆ తమాషాల సంగతి ఎత్తితే, మేం అందరికీ చెప్పే చేశాం, ఎవరినీ నొప్పించలేదు అంటాడు. వాడు అట్లా అన్నప్పుడల్లా నేను టీవీ శబ్దం పెంచుతాను.

తర్వాతి శుక్రవారం పవిత్రకు గుండు చేయించారు. బడిలో పిల్లలందరూ అప్పటికే ఆ వీడియో చూశారు. ఆ పిల్ల కనిపిస్తే చాలు, చుట్టూ చేరి నాలాగా ఊగేవాళ్ళట. వెంట్రుకలు ఏవే అని నా గొంతుతో అడిగేవాళ్ళట. మూడు రోజులు బడికి పోయింది. నాలుగో రోజు పోనని తలుపు గడియ వేసుకుంది. ఇదంతా ఎల్లప్పే నాకు చెప్పాడు, అదే మెట్టు మీద కూర్చుని, నేనిచ్చిన మజ్జిగ తాగుతూ. జుట్టు వచ్చేదాకా ఆగి పోతుందిలే అన్నాను. జుట్టు వచ్చింది. పిల్ల పోలేదు. గులాబీల షెడ్డులో కట్టలు కట్టే పనికి కుదిరింది.

పోయిన వారం తండ్రీ కూతుళ్ళిద్దరూ మా ఇంటికి వచ్చారు. పవిత్రకు పెళ్ళి. పసుపు పూసిన పత్రిక నా చేతిలో పెట్టి, నీ నోట అమ్మ పలికింది కాబట్టే బిడ్డ ఈ మాత్రం నిలబడింది, నువ్వు వచ్చి దీవించాలి అన్నాడు ఎల్లప్ప. ఆ పిల్ల వంగి నా కాళ్ళకు మొక్కింది. వేళ్ళ నిండా ముళ్ళ గీతలు. దివ్యను ఏం చదువుతున్నావు అని అడిగింది. బీఎస్సీ అంటే, అట్లనా అంది. మళ్ళీ ఏమీ అడగలేదు. నేను అక్షింతలు తేవడానికి లోపలికి పోయి, బియ్యం డబ్బా పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. దివ్య వచ్చి పిలిచేదాకా.

అప్పటినుంచి నిద్ర లేదు. ఆ పెళ్ళికి పోయి ఏ చేత్తో దీవించను? పోకపోతే ఏమని చెప్పను? చెప్పేస్తే నా బరువు దిగుతుంది, సరే. దిగి ఎవరి మీద పడుతుంది? ఎల్లప్ప తన బిడ్డ జుట్టు తీయించింది దేవుడి కోసం అనుకుని బతుకుతున్నాడు. అది కూడా లాక్కుంటే ఆ మనిషికి ఏం మిగులుతుంది? ఇట్లా ఆలోచించి ఆలోచించి, చెప్పకపోవడమే దయ అని తేల్చుకోబోయాను. ఆరేళ్ళుగా ప్రతిసారీ అట్లాగే తేల్చుకున్నాను. వాళ్ళ మేలు కోసమే దాస్తున్నానని అనుకోవడం ఎంత సుఖమో.

దివ్యా, రాయడం ఆపకు. ఇంకొకటి ఉంది. ఇది చెప్పకపోతే ఇంతసేపు చెప్పింది కూడా దొంగతనమే. పవిత్ర చదివినంతా అరవ బళ్ళో. ఎల్లప్పకు సంతకం తప్ప రాదు. ఇంట్లో తెలుగు మాట్లాడతారే గానీ తెలుగు అక్షరం వాళ్ళలో ఒక్కరికీ రాదు. నువ్వంటే కుప్పంలో చదివి వచ్చావు. పొద్దున నిన్ను కూర్చోబెట్టి తెలుగులోనే రాయమన్నాను చూడు, ఎందుకన్నానో ఇప్పుడు తెలుస్తోంది. లోకంలో అందరూ చదవాలి, వాళ్ళిద్దరు తప్ప. ఒప్పుకునేటప్పుడు కూడా ఇంత తెలివి.

ఇంకో కాగితం తియ్యి. అరవంలో రాయి, ఇక్కడికి వచ్చాక నేర్చుకున్నావు కదా. పొడుగ్గా వద్దు, నా బాధ ఏమీ పెట్టొద్దు, క్షమించమని కూడా అడగొద్దు. అడిగితే ఆ పిల్ల సరేనవ్వా అనేస్తుంది, పెద్దదాన్ని కదా. రేపు నన్ను నువ్వు బస్సెక్కించు, నా చేత్తో నేనే ఇస్తాను. పవిత్రా, ఆ రోజు మీ నాయనతో మాట్లాడింది మారెమ్మ కాదు. నేను. మరునాడు ఆయన వచ్చి అడిగితే, తెలిసీ అబద్ధం చెప్పాను. నీ బడి పోయింది నా వల్ల.

రాశావా? పైకి చదువు.

మళ్ళీ చదువు, ఇంకొంచెం గట్టిగా. అవును. అదే. అట్లాగే ఉండనీ.